వెంగయ్య సాక్ష్యం, లిదియమ్మ మాట

మా పెద్దమ్మ లిదియమ్మ నోటివెంట అబద్ధం రాదని ఉదయగిరిలో మా పేటంతా ఒక పేరు. మెచ్చుకుని ఇచ్చిన పేరు కాదు, జడిసి ఇచ్చింది. కోడి ఎవరిదన్న తగాదా దగ్గర్నుంచి పెళ్లిచూపుల్లో పిల్ల వయసు దాకా, ఆమె పక్కనుంటే జనం మాట సర్దుకుని మాట్లాడతారు. చదివింది ఐదో తరగతి. చేసేది చెక్క పని. ఉదయగిరి చెక్క స్పూన్లు కొని షోకేసులో పెట్టుకునేవాళ్లకు తెలియదుగానీ, వాటికి ఆకురాయి పట్టి, ఉప్పుకాగితంతో రుద్ది ఆ నునుపు తెచ్చేది ఎక్కువగా ఆడవాళ్లే. రుద్దీ రుద్దీ ఆమె వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. రేషన్ దగ్గర మిషన్ ఆమె వేలిని గుర్తుపట్టదు. ఆమె మాటను మాత్రం గుర్తుపట్టని మనిషి లేడు.

ఆమె మొగుడు వెంగయ్య, మా పెదనాయన. ఈయన పేరు ఊళ్లో కంటే బయట ఎక్కువ. వింజమూరు, కొండాపురం, ఆత్మకూరు, ఎక్కడ ఉజ్జీవ సభలు పెట్టినా ఈయన సాక్ష్యం ఉండాల్సిందే. మా బాప్టిస్టు సంఘాల్లో మారిన మనిషి జనం ముందు నిలబడి, తను ముందెట్లా ఉండేవాడో, దేవుడు తనను ఎట్లా మార్చాడో చెప్పుకోవడాన్ని సాక్ష్యం అంటారు. తాగుడు మానినవాడి సాక్ష్యానికున్న గిరాకీ ఇంక దేనికీ లేదు.

ఆయన నిజంగానే మానాడు. అందులో వంక పెట్టడానికేం లేదు. వయసులో ఉన్నప్పుడు ఒక సాయిబు దగ్గర గరిటెలు చెక్కేవాడు, సాయంత్రానికి తాగి కాలవ పక్కన పడిపోయేవాడు. పెద్దమ్మ వెళ్లి లేపుకొచ్చేది. ఒక ఎండాకాలం బాప్తిస్మం తీసుకున్నాడు, తాగుడు ఆపేశాడు. మా గుడిలో ఆయన చెప్పిన మొదటి సాక్ష్యం ఒక పాట పాడినంత సేపు కూడా లేదట. తాగేవాణ్ణి, మానేశాను, దేవునికి స్తోత్రం. అంతే. జనం ఆమెన్ అని ఇళ్లకు పోయారు.

తర్వాత వింజమూరు సభల్లో ఒక పెద్ద ప్రసంగీకుడు ఆయన్ను పక్కకు పిలిచి, ఇట్లా పొడిపొడిగా చెబితే జనం గుండె కరగదు బ్రదర్ అన్నాడు. అప్పట్నుంచి పెదనాయన పాపాలు పెరగడం మొదలైంది. కాలవ పక్కన పడిపోయినవాడు కాస్తా పెళ్లాన్ని చెక్క చెక్కే బాడిశ పిడితో కొట్టినవాడయ్యాడు. ఇంకో ఏడాదికి ఆమె నుదుటి మీద మచ్చ కూడా తను చేసిందే అయింది. ఆ మచ్చ కొండ మీద కట్టెలకు పోయినప్పుడు జారి రాయి కొట్టుకున్నది. మా అమ్మ కూడా ఆ రోజు పక్కనే ఉంది. సభలో ఆ మాట దగ్గరికి రాగానే ఆయన గొంతు సన్నం చేసి, "లే లిదియా, అందరూ చూస్తారు" అనేవాడు. ముందు వరసలో ఆమె లేచి నిలబడేది. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని ఏడ్చేవాళ్లు.

నేనొకసారి ఉండబట్టలేక అడిగాను, ఇదేం పని పెద్దమ్మా అని.

"నిలబడమంటే నిలబడినాను. నోటితో నేనేమన్నా అన్నానా?"

ఆమె లెక్క అది. నిలబడటం వేరు, నోరు తెరవడం వేరు. నాకు నచ్చలేదుగానీ ఆ గీత ఆమెకు చాలా గట్టిది.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఆ సాక్ష్యం పనిచేసేది. ఆటో తోలే చంద్రమోహన్ అట్లాగే మానాడు. సభలో వెక్కివెక్కి ఏడ్చి, ఆ రోజు నుంచి మందు ముట్టలేదు. ఎప్పుడైనా నాలుక పీకితే అతని పెళ్లాం రేణుకాదేవి చెయ్యి పట్టుకుని మా పెదనాయన దగ్గరికి లాక్కొచ్చేది. ఆయన నెత్తిన చెయ్యిపెట్టి ప్రార్థన చేసేవాడు. చంద్రమోహన్ తేరుకుని ఆటో ఎక్కేవాడు. ఇట్లాంటివాళ్లు ఊరికి ఇద్దరు ముగ్గురున్నారు. వాళ్లందరికీ వెంగయ్యన్న అంటే పట్టుకోవడానికి ఒక గుంజ.

గుంజ లోపల పుచ్చింది. ఎందుకు మళ్లీ మొదలుపెట్టాడంటే పెద్ద కారణం ఏమీ లేదు. చావు లేదు, నష్టం లేదు. నన్నడిగితే, తాగుడు గురించి ఊరూరా తిరిగి అంత రుచిగా వర్ణించి చెప్పీ చెప్పీ ఆయన నోరు ఊరింది. సభలకు పోయి వచ్చేటప్పుడు తనను ఎరగని చోట సీసాలు కొని, పనిపాకలో చెక్కపొట్టు కింద పెట్టుకునేవాడు. పెద్దమ్మకు మొదటి రోజే తెలిసింది. బతుకంతా చెక్క వాసనలో ఉన్న మనిషికి ఇంకో వాసన తెలియకుండా ఉంటుందా? నడుం నొప్పికి అన్నాడు. ఆమె తాగొద్దని కూడా అనలేదు.

"తాగితే తాగు. చెప్పడం మానుకో" అంది.

"ఎట్టా మానేది? పోస్టర్లు కొట్టేసినారు" అన్నాడాయన.

అట్లా కొన్నేళ్లు గడిచాయి. పోయినేడు మా గుడి వార్షికోత్సవానికి సీరియల్ లైట్లు కడుతూ ఆయన నిచ్చెన మీద నుంచి పడ్డాడు. తొడ ఎముక విరిగింది. ఆత్మకూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. నేను డిగ్రీ మధ్యలో వదిలేసి ఆత్మకూరులోనే సెల్‌ఫోన్ల షాపులో ఉన్నాను కాబట్టి, కారియరు మోయడం నా పనయింది.

రెండు రోజులు కుదురుగానే ఉన్నాడు. వచ్చినవాళ్లందరికీ మంచం మీద నుంచే ప్రార్థన చేసి పంపాడు. ఆ తర్వాత చేతులు వణకడం మొదలైంది. ఒళ్లంతా చెమట. దుప్పటి మీద లేని చీమల్ని ఏరి కింద పారేస్తున్నాడు. పైకప్పు మీద ఎవరో కూర్చుని చెక్క కోస్తున్నారని కేకలు పెట్టి, సెలైన్ సూది పీకేశాడు. నేనూ ఒక కాంపౌండరూ భుజాలు పట్టుకుంటే మా ఇద్దర్నీ విదిలించాడు.

అప్పటికి మా పాస్టరు సురేంద్రబాబుగారు, సంఘపెద్ద నారాయణయ్య గదిలో ఉన్నారు. వాళ్లకు ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు. వెంగయ్య లాంటి మనిషికి, అదీ వార్షికోత్సవ సభల ముందర, ఇట్లా అయిందంటే ఇది సాతాను దాడి. ఇంకేమై ఉంటుంది? తాగుబోతుకు ఇట్లా అయితే పక్క వీధి పిల్లాడు కూడా సంగతేందో చెప్పేవాడు. మంచివాడని ముద్ర పడ్డవాడికి రోగం కూడా పెద్ద రోగమే రావాలి.

డాక్టరు, చిన్న వయసు ఆవిడ, వచ్చి చూసి ఈయనకు తాగే అలవాటుందా అని అడిగింది. నారాయణయ్య మొహం ఎర్రబడింది.

"ఎవర్ని అడగతా ఉండావమ్మా? ఈయన సాక్ష్యం విని ఎంతమంది మానినారో నీకు తెలుసునా?"

ఆవిడ మళ్లీ అడిగింది. రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే ఇట్లా అవుతుందనీ, అదే అయితే చేయాల్సిన వైద్యం వేరనీ, ఆలస్యమైతే ప్రాణానికే ముప్పనీ చెప్పింది. పాస్టరుగారు మెత్తగా, అట్లాంటిదేం లేదమ్మా అన్నారు. సంతకం పెట్టి తీసుకుపోదాం, గుడిలో ఉపవాస ప్రార్థన పెడదాం అని నారాయణయ్య అప్పటికే ఫోన్ తీసి బండి కోసం మాట్లాడుతున్నాడు.

పెద్దమ్మ మంచం కాళ్ల దగ్గర నిలబడి ఉంది. ఆయన దుప్పటి మీద చీమలు ఏరుతుంటే ఆ వేళ్లనే చూస్తూ ఉంది.

"తాగతాడమ్మా" అంది. "రోజూ తాగతాడు. పడిన కాడి నుంచీ లేదు."

నారాయణయ్య ఫోన్ చెవి మీద నుంచి దించాడు. డాక్టరు మాత్రం ఆగలేదు, నర్సును పిలుస్తూ బయటికి పోయింది. ఇంజెక్షన్లు పడ్డాయి. ఆయన చేతులు మంచానికి గుడ్డతో కట్టారు. కొన్నాళ్లకు మనిషి మనిషిలో పడ్డాడు, ఆ తర్వాతే కాలికి ఆపరేషన్ చేశారు. ఆ రోజు తీసుకుపోయి ఉంటే ఈయన దక్కేవాడు కాదు అని డాక్టరు పాస్టరుగారి మొహం మీదే చెప్పింది. ఆయన విన్నారు. నేను పక్కనే ఉన్నాను, విన్నారు.

అయినా ఉదయగిరికి మనిషి కంటే ముందు మాట చేరింది. పెదనాయనను ఇంటికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టిన వారంలోనే పాస్టరుగారు వచ్చి పక్కన కుర్చీ వేసుకున్నారు. క్షేమం అడిగారు. ప్రార్థన చేశారు. తర్వాత అసలు సంగతికి వచ్చారు.

"వెంగయ్యా, ఆస్పత్రిలో మీ ఆమె ఒక మాటన్నాది. భయంలో మనిషి ఏదేదో అంటాది. అంతే గదా?"

ప్రశ్నలోనే జవాబు కుట్టి తెచ్చారు. తొడుక్కోవడమే తరువాయి. పెద్దమ్మ వాకిట్లో గరిటె రుద్దుతోంది, ఆకురాయి చప్పుడు ఆగింది. పెదనాయన గోడవైపు తిరిగాడు.

"భయస్తురాలు అయ్యగారూ. మనసులో పెట్టుకోబాకండి" అన్నాడు.

ఆమె అన్న మాట వల్ల బతికి, ఆ బతికిన నోటితోనే అన్నాడు.

ఇంక అది వట్టి మాట కాదు, దైవసేవకుడి మీద అబద్ధపు నింద అయింది. సంఘపెద్దలు కూర్చున్నారు. ఆమె గుడిలో నిలబడి, నేను చెప్పింది అబద్ధం అని ఒప్పుకునేదాకా ఆమెకు బల్ల ఆపాలని తీర్మానించారు. మా గుడిలో నెలకొక ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె ముక్కల పళ్లెం, ద్రాక్షరసం చిన్న గ్లాసులు వరస వెంట చేతులు మారుతూ పోతాయి. ఒప్పుకోని తప్పు లోపల పెట్టుకున్నవాడు దాన్ని ముట్టకూడదు, తెలిసీ ముడితే అది ఇంకా పెద్ద తప్పు అని మాకు చిన్నప్పుడే నేర్పుతారు. బల్ల ఆపడమంటే నువ్వు మాలో ఉన్నా లేనట్టే అని.

తీర్మానం చేసిన పెద్దల్లో ఒకాయనకు కావలిలో ఇంకో సంసారం ఉంది. ఊరందరికీ తెలుసు. ఆయనకు బల్ల ఎప్పుడూ ఆగలేదు. ఆయన నుంచి ఎవరూ ఏమీ ఆశించరు మరి. ఇంకొకటి, పనిపాక మా పెదనాయన మంచానికి ఎదురుగానే ఉంది. చెక్కపొట్టులో చెయ్యి పెడితే సంగతి తేలిపోయేది. కూర్చున్నవాళ్లలో ఒక్కడు కూడా లేవలేదు. తేలడం వాళ్లకు అక్కర్లేదు.

బల్ల ఆదివారం వచ్చింది. ఆమె ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది. పళ్లెం ఆమె దాకా వచ్చింది. నారాయణయ్య వంగి దాన్ని ఆమె తల మీదుగా ఎత్తి అవతలి మనిషి చేతికిచ్చాడు. తర్వాత నెలా అంతే. ఆమె చోటు మారలేదు, మానలేదు, ఏడవలేదు. ఆత్మకూరులో ఇంకో గుడికి పోదాం రా పెద్దమ్మా అంటే నవ్వింది.

"ఆడా ఈ బల్లే గదరా. చూసిందే చెప్పినాను. దానికి ఊరు మారేదేంది?"

ఆమె అట్లాగే ఉండిపోయేది, రేణుకాదేవి రాకపోతే.

చంద్రమోహన్ మళ్లీ మొదలుపెట్టాడు. వెంగయ్యన్నే తాగతా ఉంటే ఇంక నాదేంది అని బజార్లో నిలబడి అన్నాడట. బడి పిల్లలు లోపల ఉండగానే ఆటో గట్టు ఎక్కించాడు. పిల్లలకేమీ కాలేదు, అదృష్టం. రేణుకాదేవి వచ్చినప్పుడు ఆమె చెంప కమిలి ఉంది. పెద్దమ్మ పక్కన కూర్చుని ఇంకో ఉప్పుకాగితం ముక్క తీసుకుని తనూ రుద్దడం మొదలుపెట్టింది. కాసేపటికి అంది.

"నువ్వు చెప్పింది నిజమేనని నాకు తెలుసు పిన్నమ్మా. ఒకసారి ఆయప్ప ప్రార్థన చేస్తా ఉంటే నేనూ వాసన పట్టినాను. అయినా అబద్ధమని అను."

పెద్దమ్మ తలెత్తి చూసింది.

"పాస్టరుగారు అంటే మా ఆయన నమ్మడు. ఆయప్ప అన్నా నమ్మడు. నువ్వంటే నమ్మతాడు. అబద్ధం చెప్పని మనిషివి గాబట్టే నిన్ను అడగతా ఉండా."

నాకు ఒళ్లు మండింది. ఆ ముక్క ఒప్పుకోవాల్సింది ఆయన కదా, ఈమెనెందుకు పీక్కుతింటారు అని అరిచాను. పెద్దమ్మ నన్ను ఊరుకోమంది. నేను అన్న పనే ఆమె కూడా చేసింది, నాలాగా అరవకుండా. రేణుకాదేవి వెళ్లాక లోపలికి పోయి మంచం పక్కన నిలబడింది.

"నువ్వు ఒప్పుకో. చంద్రమోహన్‌ని పిలిచి, నేనూ పడినానురా, రా ఇద్దరం లేద్దామని చెప్పు. వాడు నిన్ను వదలడు."

ఆయన మొహం కప్పుకుని ఏడ్చాడు. దొంగ ఏడుపు కాదు. ఆయన అసలు ఏడుపు, సభలో ఏడుపు రెండూ నాకు తెలుసు.

"నన్ను తోసేస్తారుమే. సాక్ష్యం లేకపోతే నేనెవర్ని? గరిటెలు చెక్కేవోణ్ణే గదా."

"గరిటెలు చెక్కేవోణ్ణే నేను చేసుకునింది" అంది ఆమె.

ఆయన దుప్పటి నెత్తి మీదికి లాక్కున్నాడు.

ఆ ఆదివారం ఆరాధన మధ్యలో పెద్దమ్మ లేచింది. చంద్రమోహన్ వెనక వరసలో, పెళ్లాం పక్కన, ఎర్రటి కళ్లతో కూర్చుని ఉన్నాడు. ఆమె ముందుకు తిరగలేదు. పాస్టరుగారి వైపు కాదు, వెనక్కి తిరిగి అతన్నే చూసి చెప్పింది.

"ఆస్పత్రిలో నేను చెప్పింది అబద్ధం. ఆయన తాగలేదు."

గుడంతా ఆమెన్ అంది. అంత గట్టి ఆమెన్ నేను ఆ గుడిలో ఎప్పుడూ వినలేదు. పాస్టరుగారు పెదనాయనను పిలిచారు. చంకకర్ర మీద ముందుకొచ్చి, ఆమె నెత్తిన చెయ్యిపెట్టి ఆయనే ప్రార్థన చేశాడు. ఈ సహోదరి నాలుకను క్షమించమన్నాడు. తనకు ఆమె మీద ఏ కోపమూ లేదని దేవుడికి తెలియజేశాడు. చెయ్యి వణుకుతూ ఉంది. పాపం కాలు ఇంకా కుదురుకోలేదని నా పక్కనున్నామె అంది.

అబద్ధం దాని పని అది చేసింది. చంద్రమోహన్ మానాడు. ఆటో నడుస్తోంది. రేణుకాదేవి చెంప మీద మళ్లీ నేనేమీ చూడలేదు. ఈ మాట రాయకపోతే నేనూ ఆ పెద్దల లాంటివాణ్ణే అవుతాను, అందుకని రాస్తున్నాను.

ఆ నెలాఖర్లో ఆత్మకూరు సభలు. బస్టాండు దగ్గర ఫ్లెక్సీ మీద ఈసారి మొగుడూ పెళ్లాలిద్దరి ఫొటోలూ వేశారు. పెదనాయన సాక్ష్యానికి కొత్త కొస పుట్టింది. సాతాను నిచ్చెన మీద నుంచి తోసి, అది చాలక కట్టుకున్నదాని నాలుకలో దూరి తన మీదికి ఎట్లా వచ్చాడో, తను ఆమెను ఎట్లా క్షమించాడో చెప్పాడు. నేను షాపు మూసి వెనకాల నిలబడి విన్నాను. ఒప్పుకోవడానికి చేదుగా ఉన్నా, అంత బాగా ఆయన ఎప్పుడూ చెప్పలేదు. "లే లిదియా" అన్నాడు. ఆమె లేచి నిలబడింది. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ఒక ముసలామె నా ముందు నిలబడి, ఈయనగాబట్టి ఏలుకున్నాడు, ఇంకొకడైతే వెళ్లగొట్టేవాడు అంది.

మరుసటి నెల బల్ల ఆదివారానికి నేనూ ఉదయగిరిలోనే ఉన్నాను. ఈసారి నారాయణయ్య పళ్లెం ఎత్తలేదు. రెండు చేతులతో పట్టుకొచ్చి ఆమె ఎదుట వంగి, నవ్వుతూ అందించాడు. పెద్దమ్మ పళ్లెం అందుకుంది. అందులోకి చూసింది. రొట్టె తీసుకోకుండా పక్కనున్న రేణుకాదేవి చేతికిచ్చింది. గ్లాసులు వచ్చాయి. అవీ అంతే. రేణుకాదేవి చెయ్యి ఒక్క క్షణం ఆగింది, తర్వాత తీసుకుంది.

పాస్టరుగారు చూశారు. ఆయనకు మాటలు వెతుక్కోవాల్సిన పనే లేదు. ప్రకటనల దగ్గర, క్షమాపణ దొరికినా తనను తాను అపాత్రురాలిగా ఎంచుకునే తగ్గింపు మన చెల్లెలు లిదియమ్మ దగ్గర నేర్చుకోండి అన్నారు. జనం వెనక్కి తిరిగి ఆమెను గౌరవంగా చూశారు. వచ్చే స్త్రీల కూటంలో ఆమె చేత నాలుగు మాటలు చెప్పించాలని పాస్టరుగారి భార్య మా అమ్మతో అన్నారట.

ఇంటికి వచ్చాం. పెదనాయన చంకకర్ర గోడకు ఆనించి మంచం మీద కూర్చున్నాడు.

"ఏందిమే, అందరూ చూస్తా ఉంటే బల్ల తీసుకోకుండా వచ్చినావు?" అన్నాడు.

పెద్దమ్మ వాకిట్లో కూర్చుని సగం రుద్దిన గరిటె ఒళ్లో పెట్టుకుంది.

"నువ్వు తీసుకున్నావు గదా" అంది. "ఇంటికొకరు చాలు."